ఎగువగెడ్డ బుధవారాలు

జూలై 2, బుధవారం

డైరీ మళ్ళీ మొదలుపెట్టాను. ప్రసూతి సెలవు అయ్యి డ్యూటీలో చేరిన దగ్గర్నుంచీ సాయంత్రమైతే సబ్‌సెంటర్ క్వార్టర్‌లో మాట్లాడ్డానికి మనిషి లేదు. పార్వతీపురం ఫోన్ చేస్తే అత్తయ్య "పాప పడుకుందమ్మా" అంటుంది. ఎప్పుడు చేసినా పడుకునే ఉంటుంది.

ఇవాళ ఎగువగెడ్డ అంగన్‌వాడీలో టీకాలు, తూకాలు. వానకి సగం మందే దిగారు. దూలానికి తూకం కట్టి ఒక్కో బిడ్డనీ ఉయ్యాల్లో వేస్తుంటే గదంతా ఏడుపులు. "ఆరు నెలలదాకా తల్లిపాలే. నీళ్ళు కూడా వద్దు" అని ప్రతివారం చెప్పేదే చెబుతున్నాను. చెబుతుండగానే జాకెట్టు తడిసిపోయింది. కొంగు ముందుకి లాక్కున్నాను. ఆ ఊరి ఆశా కార్యకర్త చిట్టెమ్మ చూసింది.

ఇంటికొచ్చి పాలు పిండి సింక్‌లో పోశాను.

మా పాప వెన్నెలకి ఏడో నెల. డబ్బాపాలకి బాగానే అలవాటు పడిందట. మంచిదే. ఇక్కడ చలి, దోమలు, మలేరియా. నేను ఊళ్ళమ్మట తిరుగుతుంటే ఎవరు చూస్తారు? అక్కడే ఉంచుదామని నేనే అన్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

జూలై 3, గురువారం

నిన్న సరళ మళ్ళీ రాలేదు. నేను ప్రసూతి సెలవులో ఉండగా కాన్పైన పిల్ల. తొలి చూలు, మగబిడ్డ. మొగుడు గాసి బెజవాడలో బిల్డింగు పనికి పోయాడు. ఇంట్లో అత్త రత్నాలు, తను. ఒక్కసారే చూశాను. చూసినంతసేపూ బిడ్డని ఎడంపక్కనే ఎత్తుకుంది. అడిగినదానికి నేల చూసింది.

రాకపోతే బరువు ఎలా తెలుస్తుంది? మనం చెప్పడం, వాళ్ళు తలూపడం. అంతే.

జూలై 6, ఆదివారం

వాన. ఫోన్ లేదు. పాలు పారబోశాను.

జూలై 9, బుధవారం

సరళ వచ్చింది. రత్నాలు తోడొచ్చింది. బిడ్డ పోయినసారి కన్నా తగ్గాడు. తూకం తప్పేమోనని తీసి మళ్ళీ వేశాను. తగ్గాడు. తొడల మీద చర్మం ముడతలు పడుతోంది.

"ఏం పడుతున్నావు వీడికి?" అన్నాను.

"పాలే సిస్టరమ్మా" అంది సరళ.

"పాలు తాగే బిడ్డ ఇలా ఉంటాడా?"

రత్నాలే అంది: "ఏడుత్తన్నాడని బెల్లంనీల్లు పోసినామమ్మా. ఏటి సేత్తాం మరి? గుంటడు ఊరుకోడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నిసార్లు చెప్పాను! గోడకి బొమ్మలు కూడా అంటించాను. "కన్నావు గానీ నువ్వింకా తల్లివి కాలేదు. బిడ్డకి కడుపునిండా పాలివ్వడం కూడా చేతకాదా? చంకలో ఉన్నాడు కదా, వేరే పనేముంది నీకు?" అన్నాను. అందరూ వింటున్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సరళ బిడ్డని ఉయ్యాల్లోంచి తీసుకుని కొంగుతో చుట్టుకుంది. మెడదాకా కప్పుకుంది, అంత ఉక్కలో.

సామాను సర్దుకుని కల్వర్టు దగ్గరికొచ్చేసరికి వెనకాలే వచ్చింది. "సిస్టరమ్మా, ఒక సిన్నమాట" అంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఊరు మొత్తానికి సిగ్నలు అక్కడే దొరుకుతుంది. మా ఆయన బాలాజీ వీడియో కాల్. వెన్నెల మేలుకుని ఉంది! ఎన్నాళ్ళకి!

"వచ్చే బుధవారం చెబుదువుగాని" అన్నాను సరళతో. కాసేపు నిలబడింది. తర్వాత ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు.

వెన్నెల ఫోన్ వైపు చూడలేదు. ఫ్యాన్ చూస్తోంది. "ఇటు, ఇటు, అమ్మ" అని బాలాజీ బుగ్గ తిప్పుతుంటే విసుక్కుంది. అంతలో కాల్ కట్టయింది.

సరళతో కొంచెం గట్టిగానే మాట్లాడాను. మెత్తగా చెబితే వినరు. ఆ బిడ్డ కోసమే కదా అన్నాను.

జూలై 11, శుక్రవారం

చిట్టెమ్మ సబ్‌సెంటర్‌కి దిగొచ్చింది. సరళకి జ్వరం. మలేరియా పరీక్ష చేసి చూసిందట, కాదు. పారాసిటమాల్ ఇవ్వమన్నాను.

"పాలు పడుతోందా?"

"పడతాందమ్మా. కప్పుకుని కూకుంటాది. మాటాడదు."

అలిగిందన్నమాట. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది.

రేపు రెండో శనివారం. ముందు ఎగువగెడ్డ ఎక్కి చూసొచ్చి తర్వాత బస్సెక్కుదామనుకున్నాను. కానీ అలా అయితే పార్వతీపురం చేరేసరికి వెన్నెల పడుకుంటుంది. మాత్రలు పంపాను. మలేరియా కాదని తేలింది. ఇంకేం చెయ్యాలి?

జూలై 12, శనివారం. పార్వతీపురం.

నన్ను చూసి ఏడ్చింది. అత్తయ్య మెడ కరుచుకుపోయింది. "కొత్త మొహం కదమ్మా, రేపటికి వస్తుందిలే" అంది అత్తయ్య. ఎత్తిపొడుపుగా అనలేదు. మామూలుగానే అంది.

జూలై 13, ఆదివారం

గదిలో తలుపేసుకుని రొమ్ముకి దగ్గరగా తీసుకున్నాను. మొహం తిప్పేసుకుంది. పళ్ళొస్తున్నాయి. అందుకే.

జూలై 15, మంగళవారం

వరసగా రాయాలి. రాస్తేనే నిలబడగలను.

పొద్దున్న సబ్‌సెంటర్ తాళం తీస్తుంటే చిట్టెమ్మ గొడుగు కూడా లేకుండా వచ్చింది. "సరళకి ఒల్లు కాలిపోతందమ్మా. లెగలేదు. పిలిత్తే పలకదు. బేగి రా" అంది. అంబులెన్సుకి ఫోన్ చేసి, రోడ్డు దగ్గర ఆగమని చెప్పి, ఇద్దరం పైకెక్కాం. దారంతా బురద. నేను ఒకటే అనుకుంటూ వెళ్ళాను, టైఫాయిడ్ అయి ఉంటుందని.

ఇంట్లోకి వెళ్తూనే వాసన తెలిసింది. రత్నాలు గోడకి చేరగిలబడి మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉంది. వాడు ఏడవడం లేదు. సరళ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. కొంగు తీశాను. ఆ మనిషిలో చెయ్యి అడ్డం పెట్టుకునే ఓపిక కూడా లేదు.

కుడి రొమ్ము రాయిలా ఉంది. ఎర్రగా కమిలి, చర్మం మెరుస్తోంది. ఒకచోట పసుపు రంగు తిరిగింది. ఏదో ఆకు నూరి కట్టుకుంది, అది ఎండి అతుక్కుపోయింది. చీము పట్టింది. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు.

"నీకు తెలీదా?" అని రత్నాల మీద అరిచాను. అప్పుడు కూడా అరిచాను.

"నాకు సూపించనేదమ్మా. కప్పుకునీది. నొప్పంటే పాలు గడ్డకట్టినాయి, తాగితే పోతాయనన్నాను. తాగిత్తే పేణం పోతాందని అటుపక్క ఇవ్వడం మానేసినాది. బుధవారం సిస్టరమ్మకి సెప్తానన్నాది. నువ్వెల్తంటే నీ ఎనకాలే కదా వొచ్చినాది?"

ఔను. వెనకాలే వచ్చింది.

బిడ్డకి సగం పాలే అందుతున్నాయి. అందుకే తగ్గాడు. అందుకే ఎడంపక్క ఎత్తుకునేది. నేను నర్సుని. చూశాను, డైరీలో రాసుకున్నాను కూడా.

నలుగురు మగవాళ్ళు దుప్పటిని కర్రకి కట్టి డోలీలో దించారు. రోడ్డు మీద అంబులెన్సు ఉంది. కానీ ఘాట్‌లో కొండచరియ జారింది. ముందు లారీలు, వెనక బస్సు, మధ్యలో మేం. పొక్లెయిన్ వస్తోందన్నారు. సరళకి సెలైన్ పెట్టాను. పిల్లాడి నోరు ఎండిపోయింది, కళ్ళు లోపలికి పోయాయి. స్పూన్‌తో ఓఆర్ఎస్ ద్రావణం పోస్తే పక్కనుంచి కారిపోతోంది. రత్నాలు ఒకటే అంటోంది: "అమ్మా సూడు, అమ్మా సూడు."

ఒకరి బిడ్డకి ఇంకొకరు పాలివ్వకూడదని ట్రైనింగులో చెప్పేది నేనే. కారణాలు కూడా నేనే చెబుతాను. కానుపప్పుడు నా రక్త పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. వాణ్ణి తీసుకున్నాను. రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ముందు పట్టుకోలేదు. నోట్లో రెండు చుక్కలు పిండితే మింగాడు. తర్వాత పట్టుకున్నాడు. చిన్న దవడలు. వెన్నెల మొదటి వారాల్లో ఇలాగే ఆగి ఆగి తాగేది.

"నీ కూతురి పాలు మా గుంటడికిచ్చినావమ్మా" అని రత్నాలు నా పాదం మీద చెయ్యి వేసింది.

తల తిప్పి చూస్తే సరళ కళ్ళు తెరిచి ఉన్నాయి. వాణ్ణి చూసింది, నన్ను చూసింది. మొహం అటు తిప్పేసుకుంది.

వెన్నెలలాగే. లేదు, అలా కాదు. వెన్నెలకి తెలీదు.

జూలై 16, బుధవారం

నిన్న దారి తెరిచాక ఆసుపత్రికి చేర్చాం, చీము తీశారు. విషం రక్తంలోకి పాకిందట. "ఇంకొంచెం ఆలస్యమైతే" అని డాక్టరు ఆపేశారు. పిల్లాణ్ణి పిల్లల వార్డులో పెట్టారు. ఇద్దరూ ఉన్నారు. బతికి ఉన్నారు.

ఇవాళ ఎగువగెడ్డ బదులు వేరే ఊళ్ళో టీకాలు. ఒక తల్లి "నొప్పి" అంటే అందరి ముందే జాకెట్టు విప్పమన్నాను. ఆమె భయపడిపోయింది. నాకేమైంది?

జూలై 20, ఆదివారం

ఆసుపత్రికి వెళ్ళాను. సరళ కూర్చుంటోంది. కట్టు ఉంది. కొంచెం గంజి తాగుతోంది. బిడ్డని పక్కన వేశారు, ఎడంవైపు పాలివ్వచ్చన్నారు. ఇవ్వడం లేదు. స్టాఫ్ నర్సు బతిమాలుతోంది.

"పట్టమ్మా, ఈ పక్క బాగానే ఉంది కదా."

"నాకాడ మంచి పాలు నేవు" అంది సరళ. అంత స్పష్టంగా ఆ పిల్ల మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

"ఎవరన్నారు?" అంది స్టాఫ్ నర్సు.

సరళ దుప్పటి చూసుకుంది.

స్టాఫ్ నర్సు నన్ను బయటికి తీసుకొచ్చి, "ఎవరు అన్నారో గానీ మేడం, ఆ మాట బుర్రలో పడిపోయింది. రోజంతా అదే. మీరు వాళ్ళ సిస్టరు కదా, మీరు చెబితే వింటుంది. చెప్పండి" అంది.

లోపలికెళ్ళాను. "నీ పాలు మంచివే సరళా. వాడికి నీ పాలే కావాలి" అన్నాను. "ఔనమ్మా" అంది. వెంటనే వాణ్ణి ఎత్తి దగ్గరికి తీసుకుంది. భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. నేను అక్కడున్నంతసేపూ తాగించింది.

ఆ మాట పుట్టింది నేను అందరి ముందూ అన్నదాంట్లోంచేనని స్టాఫ్ నర్సుతో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది?

జూలై 21

అవసరం ఉంది.

జూలై 28, సోమవారం

పిల్లాడికి జుబ్బాలు, సరళకి బ్రెడ్డు, పళ్ళు తీసుకుని వెళ్ళాను. ఏం చెప్పాలో బస్సులో నాలుగైదు రకాలుగా అనుకున్నాను. మంచం మీద వేరే మనిషి ఉంది. నిన్ననే పంపేశారట. సరళ తండ్రి భీముడు వచ్చి కన్నవారింటికి తీసుకెళ్ళిపోయాడు, అనంతగిరి దాటి కాఫీ తోటల్లోకి. ఎగువగెడ్డ రానందట.

బ్రెడ్డు, పళ్ళు ఆ మంచం మీదామెకి ఇచ్చేశాను. జుబ్బాలు వెనక్కి తెచ్చాను.

ఆగస్టు 1, శుక్రవారం

బాలాజీకి ఫోన్ చేసి చెప్పాను, వెన్నెలని తీసుకొచ్చేయమని. "చలి, దోమలు అన్నది నువ్వే కదా?" అన్నాడు. ఔను నేనే. "ఇక్కడ పిల్లలు పెరగడం లేదా?" అన్నాను. "అమ్మ ఏమంటుందో" అన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

అత్తయ్య కూడా వచ్చింది. "పిల్లని వదిలి నేనుండలేనమ్మా, దాన్ని పెంచింది నేను" అంది. అది నిజమే కదా. క్వార్టర్ చూసి మూతి విరిచింది, వెంటనే కిటికీలకి దోమల వల మేకులతో కొట్టించింది.

వెన్నెల నా దగ్గర కాసేపు ఉంది. గాజులతో ఆడుకుంది. నాకు పాలు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో గమనించలేదు. రోజూ పారబోసినదాన్ని, ఆగినరోజు మటుకు తెలీలేదు.

ఆగస్టు 6, బుధవారం

ఎగువగెడ్డ. వాన లేదు. అయినా తల్లులు అంతంతమాత్రమే వచ్చారు. తూకం కట్టి కూర్చున్నాను.

"ఏమైంది చిట్టెమ్మా, చెప్పలేదా?"

"సెప్పినానమ్మా. ఇల్లిల్లూ తిరిగినాను." కాస్త నసిగింది. "గుంటడు తగ్గితే అందరి ముందూ సిస్టరమ్మ తిడతాదని బయిం. ముందు ఇంటికాడ తూసుకుని, పెరిగితే తెత్తామంటన్నారు."

"ఇంటి దగ్గర దేంతో తూస్తారు?"

"సేతుల్తోనే" అంది చిట్టెమ్మ. నవ్వుదామనుకుంది గానీ నా మొహం చూసి ఆగిపోయింది.

తగ్గిన పిల్లల్నే కదా నేను చూడాల్సింది. ఆ పిల్లలు ఇళ్ళల్లో ఉండిపోయారు.

ఆగస్టు 13, బుధవారం

ఇవాళ తూకం అంగన్‌వాడీలో కట్టలేదు. ఇంటింటికీ పట్టుకెళ్ళాను. కొన్ని ఇళ్ళల్లో తలుపు తీశారు. రత్నాలు ఇంట్లో లేదు, పొలానికెళ్ళిందన్నారు. రాగిచేలో కలుపు తీస్తున్నారట. పొలం వైపు నడిచాను. దూరం నుంచే కనబడింది. వంగి ఉన్న మనిషి లేవలేదు. నేనూ పిలవలేదు.

ఆగస్టు 17, ఆదివారం

వెళ్ళాను. చిట్టెమ్మని తోడు తీసుకున్నాను, సరళ కన్నవారి ఊరు నాకు తెలీదు కాబట్టి. బస్సు దిగి కాఫీ తోటల్లోంచి నడక. సన్నగా తుంపర. తూకం, బ్యాగు ఏవీ తీసుకెళ్ళలేదు. జుబ్బాలు మాత్రం చిన్న సంచిలో పెట్టుకున్నాను. వాడికి అప్పటికే బిగుతవుతాయేమో అనుకున్నాను.

సరళ వాకిట్లో కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. ఎడంవైపు. ఏదో కూనిరాగం తీస్తోంది. జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంది. మొహం తేరుకుంది. బిడ్డ చెయ్యి బయటికి పెట్టి తల్లి ముక్కు పట్టుకోబోతున్నాడు. చెయ్యి బొద్దుగా ఉంది. రెండు నిమిషాలు చెట్టు చాటున నిలబడి చూశాను. అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేది.

చిట్టెమ్మ పిలిచింది. సరళ తలెత్తింది. నన్ను చూడగానే బిడ్డ నోట్లోంచి రొమ్ము లాగేసి లేచి నిలబడింది. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. లోపలికి పరిగెత్తి తూకం కార్డు తెచ్చింది. నిలబడే వాడి చొక్కా విప్పడం మొదలుపెట్టింది. గుండీ రావడం లేదు.

"బరువు సూడండి సిస్టరమ్మా. పెరిగినాడు. బెల్లంనీల్లు పొయ్యనేదు. మా అమ్మనడగండి. ఒట్టు."

"తూకం తేలేదు సరళా. ఊరికే వచ్చాను, నిన్ను చూద్దామని."

నా చేతిలో సంచి చూసింది. నమ్మలేదు.

బస్సులో అనుకున్నవన్నీ పోయాయి. "ఆ రోజు నేను నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. నువ్వేదో చెబుదామని వస్తే వినకుండా పోయాను. తప్పైపోయింది" అన్నాను.

"తప్పైపోనాది సిస్టరమ్మా" అంది సరళ, నేను అంటూండగానే. "ఇంకెప్పుడూ సెయ్యను."

"నీది కాదమ్మా, నాది. తప్పు నాది అంటున్నాను."

"ఔనమ్మా." తలూపింది. "పెతీ బుధవారం వత్తాను. వానొచ్చినా వత్తాను."

చిట్టెమ్మ వాళ్ళ భాషలో ఏదో నచ్చజెప్పింది, చాలాసేపు. 'సిస్టరమ్మ' అని రెండుసార్లు వినబడింది. సరళ శ్రద్ధగా విని చిట్టెమ్మకీ అలాగే తలూపింది.

భీముడు నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చాడు. కూర్చోమని పీట వేశాడు. తిన్నాను. ఏడుస్తున్న బిడ్డని సరళ ఊరుకోబెడుతోంది గానీ పాలు మాత్రం పట్టడం లేదు. పట్టవచ్చో లేదో నేను చెప్పాలని చూస్తున్నట్టుంది. "పట్టు సరళా" అన్నాను. గోడవైపు తిరిగి కూర్చుని పట్టింది.

జుబ్బాలు భీముడి చేతికిచ్చాను. బయల్దేరుతుంటే సరళ మళ్ళీ లేచి వచ్చి వాకిలి చివర నిలబడింది. బిడ్డ ఒంటి మీద చొక్కా లేదు. తుంపర పడుతూనే ఉంది.

"వాడికి చొక్కా వెయ్యమ్మా, చలేస్తుంది" అన్నాను.

"ఏసేత్తాను సిస్టరమ్మా."

తోట మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. సరళ అక్కడే ఉంది. చొక్కా భుజాన వేసుకుని, బిడ్డని రెండు చేతుల్తో కాస్త ముందుకి పట్టుకుని, నేను మళ్ళీ వచ్చి తూస్తానేమోనని నిలబడి ఉంది.